స్పేస్ ఫోర్స్ ప్రయోగ సేవల మీద ఆర్‌ఎఫ్‌ఐ వేస్తే జవాబు ఎలా రాయాలి?

అమెరికాలోని చిన్న, మధ్యతరహా అంతరిక్ష కంపెనీల్లో పనిచేసేవాళ్లు అడిగే ప్రశ్న దాదాపు ఒకేలా ఉంటుంది. "శామ్ డాట్ గవ్‌లో స్పేస్ ఫోర్స్ ఆర్‌ఎఫ్‌ఐ పెట్టిందండీ. రక్షణ ఉపగ్రహాలను కక్ష్యలోకి పంపే సేవల గురించి పది పేజీల్లో వివరాలు అడిగారు. మేనేజర్ నన్ను రాయమన్నారు. ఏం రాయాలి? అసలు రాస్తే లాభమేంటి?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ముందు రెండో ప్రశ్న. స్పేస్ ఫోర్స్ అమెరికా సాయుధ దళాల్లోని అంతరిక్ష విభాగం. శామ్ డాట్ గవ్ ప్రభుత్వ కొనుగోలు ప్రకటనలు పెట్టే వెబ్‌సైట్. ఆర్‌ఎఫ్‌ఐ అంటే సమాచారం కోరే ప్రకటన. ఇది టెండరు కాదు కాబట్టి జవాబిస్తే కాంట్రాక్టు రాదు, రాసినందుకు డబ్బులూ ఇవ్వరు. ఆ మాట ప్రకటనలోనే ఉంటుంది. అయినా రాయమనే అంటాను. ఎందుకంటే ఏం కొనాలి, ఎంతమంది దగ్గర కొనాలి, ఏ షరతులు పెట్టాలి అన్నది ఇంకా గట్టిపడని దశ ఇదొక్కటే. జాతీయ భద్రతా ప్రయోగాల కార్యక్రమం ఎన్‌ఎస్‌ఎస్‌ఎల్ మూడో దశనే చూడండి. 2023 ఫిబ్రవరిలో వచ్చిన మొదటి ముసాయిదా ప్రకారం అత్యంత కీలకమైన ప్రయోగాలుండే లేన్-2లో ఇద్దరికే చోటు. కంపెనీల నుంచి అభిప్రాయాలు వచ్చాక అదే ఏడాది జులైలో రెండో ముసాయిదా విడుదల చేశారు. అందులో ముగ్గురికి చోటిచ్చారు. 2025 ఏప్రిల్‌లో ఆ లేన్‌లో స్పేస్ఎక్స్‌కు 28, యునైటెడ్ లాంచ్ అలయన్స్‌కు 19, బ్లూ ఆరిజిన్‌కు 7 ప్రయోగాలు దక్కాయి. మొత్తం విలువ సుమారు 1,370 కోట్ల డాలర్లు. మొదటి ముసాయిదానే ఖాయమై ఉంటే మూడో కంపెనీకి ఆ చోటే ఉండేది కాదు.

మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- శామ్ డాట్ గవ్‌లో చెల్లుబాటులో ఉన్న కంపెనీ రిజిస్ట్రేషన్. ఇది ఉచితం, ఏటా పునరుద్ధరించుకోవాలి. డబ్బు కడితే చేసిపెడతామంటూ వచ్చే మెయిళ్లను పట్టించుకోకండి.
- 12 అక్షరాల యూఈఐ, 5 అక్షరాల కేజ్ కోడ్. ఇవి ప్రభుత్వం కంపెనీని గుర్తుపట్టే నంబర్లు. పాత టెంప్లేట్లలో ఇంతకుముందు ఇదే పనికి వాడిన డన్స్ నంబరు ఉంటే తీసేయండి. 2022 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం దాన్ని వాడటం లేదు.
- ప్రకటన, దాని అటాచ్‌మెంట్లు, తర్వాత వచ్చిన సవరణలు, అన్నీ.
- మీ రాకెట్ లేదా సేవకు సంబంధించి ఇంజినీరింగ్ విభాగం సంతకం చేసిన తాజా అంకెలు. మార్కెటింగ్ బ్రోషర్ వద్దు.
- ఎగుమతి నియంత్రణ నియమాలు తెలిసిన ఒక మనిషి. కంపెనీలో లేకపోతే బయటి లాయరైనా సరే.
- కంపెనీ తరఫున మాట ఇవ్వగల అధికారం ఉన్న ఒకరు. జవాబు చివరికి వాళ్ల చేతుల మీదుగానే వెళ్లాలి.

చిన్న కంపెనీ అయితే మీ రాష్ట్రంలోని అపెక్స్ యాక్సిలరేటర్‌ను సంప్రదించండి. ఇంతకుముందు వీటిని పీటాక్ అనేవాళ్లు. రిజిస్ట్రేషన్ దగ్గర్నుంచి జవాబు చదివి లోపాలు చెప్పేదాకా చాలావరకు ఉచితంగానే సాయం చేస్తారు. చాలామందికి ఈ సంగతే తెలియదు.

1. అది ఏ రకం ప్రకటనో తేల్చుకోండి

అన్నిటినీ వాడుకలో ఆర్‌ఎఫ్‌ఐ అనేస్తాం కానీ, ఒక్కోదానికి ఒక్కో రకం జవాబు కావాలి.

ఆర్‌ఎఫ్‌ఐ అయితే ప్రభుత్వం మార్కెట్‌ను అర్థం చేసుకోవాలనుకుంటోంది. ప్రశ్నలకు సూటిగా జవాబులివ్వండి.

సోర్సెస్ సాట్ అయితే ఈ పని చేయగలవాళ్లు ఎవరున్నారు, వాళ్లలో చిన్న సంస్థలెన్ని అని లెక్క చూస్తోంది. చిన్న సంస్థలు దీన్ని అస్సలు వదులుకోకూడదు. సరసమైన ధరకు చేయగల చిన్న సంస్థలు కనీసం రెండున్నాయని కాంట్రాక్టింగ్ అధికారికి నమ్మకం కుదిరితే పనిని వాళ్లకే కేటాయించే నియమం ఒకటుంది. దాన్ని రూల్ ఆఫ్ టూ అంటారు. మీరు రాయకపోతే ఆ లెక్కలో మీరు లేనట్టే.

ముసాయిదా ఆర్‌ఎఫ్‌పీ, అంటే ప్రతిపాదనలు కోరే టెండరు ముసాయిదా అయితే నిబంధనలు దాదాపు సిద్ధమైనట్టు. కంపెనీ పరిచయం పక్కనపెట్టి, ఏ పేరాలో ఏ మాట మారాలో చెప్పండి.

ఫలానా కంపెనీకే నేరుగా ఇవ్వబోతున్నాం అనే ప్రకటన అయితే, ఆ పని మీరూ చేయగలరని రుజువులతో చూపాలి. గడువు సాధారణంగా చాలా తక్కువ. మిగతా పనులు ఆపి కూర్చోవాల్సిందే.

ఇదే దశలో నాయిక్స్ కోడ్ కూడా చూడండి. ఒక్కో వ్యాపార రంగానికి ప్రభుత్వం ఇచ్చే నంబరు అది. ప్రయోగ సేవలకు తరచూ 481212 వేస్తారు. పేరు చూస్తే అద్దె సరకు విమానాలది, కానీ అంతరిక్షంలోకి సరకు రవాణా కూడా దాని కిందకే వస్తుంది. ఆ కోడ్‌లో 1,500 మంది ఉద్యోగుల వరకు చిన్న సంస్థే. రాకెట్ తయారీ కోడ్ 336414కు పరిమితి వేరు. ఒక కోడ్ కింద చిన్న సంస్థ అయిన మీరు ఇంకో కోడ్ కింద కాకపోవచ్చు. ప్రకటనలో ఉన్న కోడ్ ప్రకారమే మీ స్థాయి రాయండి.

2. గడువు, పేజీలు, పంపే దారి

ఇవి మొదటి రోజే ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి. గడువు ఏ టైమ్ జోన్‌లో ఇచ్చారో చూడండి. ఈ కొనుగోళ్లు చూసే స్పేస్ ఫోర్స్ విభాగం స్పేస్ సిస్టమ్స్ కమాండ్ లాస్ ఏంజెలెస్ వైమానిక స్థావరంలో ఉంది, పసిఫిక్ సమయం ఇస్తుంటుంది. మీరు అక్కడ ఉండకపోతే పొరపాటు పడటం చాలా తేలిక. పేజీల పరిమితిలో ముఖచిత్రం, విషయసూచిక కలుస్తాయా లేదా, అక్షరాల సైజు ఎంత, పీడీఎఫ్ కావాలా వర్డ్ కావాలా, మెయిల్‌లో అటాచ్‌మెంట్ పరిమితి ఎంత, ఇవన్నీ చూసుకోండి.

ఫైల్ పెద్దదైతే, లేదా అందులో నియంత్రిత సమాచారం ఉంటే రక్షణ శాఖ ఫైళ్ల బదిలీ సైటు డీఓడీ సేఫ్ ద్వారా పంపమనవచ్చు. ఒక మెలిక ఉంది. రక్షణ శాఖ గుర్తింపు కార్డు (క్యాక్) లేనివాళ్లు అందులో సొంతంగా ఫైల్ పెట్టలేరు, అవతలి అధికారి ముందు అభ్యర్థన పంపాలి. ఆ అభ్యర్థన చివరి రోజు అడిగితే రాకపోవచ్చు. వారం ముందే అడగండి.

ప్రకటనను ఫాలో అవడం మరవకండి. లాగిన్ అయి ఫాలో నొక్కితే సవరణలు మెయిల్‌కు వస్తాయి. గడువు పొడిగించడం, ప్రశ్నలు మార్చడం తరచూ జరిగేదే.

3. రాయాలా వద్దా అనేది త్వరగా తేల్చండి

ముందుగా చూడాల్సింది అర్హత. ప్రభుత్వ ఉపగ్రహాలను సాధారణంగా అమెరికా వాణిజ్య సంస్థల ద్వారానే పంపాలని చట్టం చెబుతోంది. స్థూలంగా చెప్పాలంటే కంపెనీ అమెరికా చట్టాల కింద నమోదై ఉండాలి, సగానికి మించి యాజమాన్యం అమెరికన్ల చేతిలో ఉండాలి. విదేశీ కంపెనీల అనుబంధ సంస్థలకు వేరే షరతులున్నాయి. విదేశీ పెట్టుబడి ఉంటే దాచకుండా మొదట్లోనే చెప్పండి.

తర్వాత చూడాల్సింది మీ దగ్గర చెప్పడానికి ఏముంది అన్నది. సొంత రాకెట్ లేకపోయినా ఏం ఫర్లేదు. ఉపగ్రహాలకు ఇంధనం నింపి సిద్ధం చేసే కేంద్రం, కక్ష్యలో ఒకచోటు నుంచి మరోచోటుకు చేర్చే వాహనం, ఒకే రాకెట్‌లో చాలా ఉపగ్రహాలను అమర్చే అడాప్టర్, వీటన్నిటికీ ప్రయోగ సేవల్లో చోటుంది. ఎస్పా రింగ్ అలాంటి అడాప్టరే. అట్లాస్-5 రాకెట్ మీద 2007 మార్చిలో మొదటిసారి ఎగిరింది. పెద్ద ఉపగ్రహం కింద మిగిలిపోయే సామర్థ్యాన్ని చిన్నవాటికి అందుబాటులోకి తెచ్చింది. 2025లో కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ ప్రయోగ కేంద్రంలో ఉపగ్రహాలను సిద్ధం చేసే వసతి పెంచడానికి ఆస్ట్రోటెక్ కంపెనీకి 7.75 కోట్ల డాలర్ల ఒప్పందం దక్కింది. ప్రయోగాల సంఖ్య పెరుగుతున్నకొద్దీ రాకెట్ కంటే ముందు ఇలాంటి చోట్లే పని ఇరుక్కుంటుంది. మీకు తెలిసింది అదే అయితే దాని గురించే మూడు పేజీలు రాయండి. పది నింపాల్సిన పని లేదు.

ఒక్కరే రాయలేమనుకుంటే ఇంకో కంపెనీతో కలిసి రాయవచ్చు. ప్రకటన ఒప్పుకుంటే కొన్ని ప్రశ్నలకే జవాబివ్వవచ్చు. ఏదీ కుదరకపోతే కనీసం ఆసక్తి ఉన్నవాళ్ల జాబితాలో పేరు చేర్చుకోండి. మీతో కలిసి పనిచేయాలనుకునే పెద్ద కంపెనీలు ఆ జాబితా చూస్తుంటాయి.

4. ఎవరు రాయాలి, ఎవరు చూడకూడదు

ఈ భాగాన్ని రెండుసార్లు చదవండి. రాకెట్లకు సంబంధించిన సాంకేతిక సమాచారం చాలావరకు ఐటార్ అనే ఆయుధాల ఎగుమతి నియమాల నియంత్రణ కింద ఉంటుంది. దాని లెక్కలో అమెరికా పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, శరణార్థిగా లేదా ఆశ్రయం పొందినవారిగా గుర్తింపు ఉన్నవాళ్లు అమెరికా వ్యక్తులు. హెచ్-1బీ, ఎల్-1, ఎఫ్-1 ఓపీటీ మీద ఉన్నవాళ్లు ఎంతకాలంగా పన్నులు కడుతున్నా, ఎంత సీనియర్ ఇంజినీరైనా విదేశీ వ్యక్తులే. వాళ్లకు నియంత్రిత సమాచారం చూపించడం, అమెరికాలో పక్క సీట్లో కూర్చుని చూపించినా సరే, ఎగుమతి కిందే లెక్క. ముందుగా లైసెన్సు ఉండాలి.

మన వాళ్లలో ఎంతోమంది ఈ వీసాల మీదే ఉన్నారు. మంచి ఇంజినీరు, లెక్కలు ఆయనకే బాగా తెలుసు అని ముసాయిదా పంపేస్తారు. ఆ ఒక్క మెయిల్ కంపెనీకి జరిమానా, మీకు ఉద్యోగ గండం తెచ్చిపెట్టగలదు. అందుకే:

- ముసాయిదా ఫోల్డర్‌ను అందరికీ తెరిచి ఉంచకండి. పేర్లవారీగా అనుమతులివ్వండి.
- వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్లు పంపకండి. సొంత మెయిల్‌కు ఫార్వర్డ్ చేసుకోకండి.
- దేశం బయటున్న బృందంతో ఫార్మాటింగ్ కూడా చేయించకండి.
- ముసాయిదాను బయటి అనువాద, ఏఐ టూల్స్‌లో పేస్ట్ చేయకండి. ఆ సర్వర్ ఎక్కడుందో, ఎవరు చూడగలరో మీ చేతిలో ఉండదు.
- ఇప్పటికే బహిరంగంగా ఉన్న సమాచారం, ఉదాహరణకు వెబ్‌సైట్‌లో పెట్టిన పేలోడ్ యూజర్ గైడ్‌లోని అంకెలు, నియంత్రణలోకి రావు. కానీ ఏది బహిరంగమో తేల్చాల్సింది ఎగుమతి నియంత్రణ అధికారి. మీరు కాదు, మీ మేనేజరూ కాదు.

మీరే వీసా మీద ఉంటే, ఆ సంగతి మేనేజర్‌కు మొదటి రోజే చెప్పండి. ప్రశ్నల పట్టిక, గడువుల అజమాయిషీ, నియంత్రిత సమాచారం లేని భాగాలు మీరు చూసుకోవచ్చు. దీన్ని చిన్నతనంగా అనుకోవాల్సిన అవసరం లేదు. చట్టం తెలిసి మసలుకునే మనిషికి ఈ రంగంలో విలువ ఎక్కువ.

5. ప్రశ్నలను పట్టికగా విడగొట్టండి

ఒక్కో ప్రశ్నలో మూడు నాలుగు చిన్న ప్రశ్నలు కలిసి ఉంటాయి. "మీ తయారీ సామర్థ్యం, దాన్ని పెంచే ప్రణాళిక, అందుకు అడ్డంకులు తెలపండి" అని ఉంటే అవి మూడు వరుసలు. ప్రతి వరుసకు రాసేవారి పేరు, గడువు, జవాబు ఏ పేజీలో వచ్చిందో రాసుకోండి. ప్రశ్నల నంబర్లు ప్రకటనలో ఎలా ఉన్నాయో జవాబులోనూ అలాగే ఉంచండి. అవతల కూర్చున్నవాళ్లు అందరి జవాబులూ పక్కపక్కన పెట్టుకుని మూడో ప్రశ్నకు ఎవరేమన్నారో చూస్తారు. మీ సొంత వరుసలో రాస్తే వెతుక్కోలేక వదిలేస్తారు.

6. సామర్థ్యం అంకెలు

జవాబు నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే. ఒక ఊహా రాకెట్‌తో చూపిస్తాను.

చాలామంది రాసేది ఇలా ఉంటుంది: "మా రాకెట్ 1,000 కిలోల వరకు మోయగలదు. విశ్వసనీయమైనది, సరసమైనది."

దీంతో ప్రభుత్వం చేసేదేమీ లేదు. ఏ కక్ష్యకు? ఎక్కడి నుంచి? ఎగిరి చూపించారా, లెక్క కట్టారా?

ఇలా రాయండి: "వాండెన్‌బర్గ్ నుంచి 500 కిలోమీటర్ల వృత్తాకార సూర్యానువర్తన కక్ష్యకు, 97.4 డిగ్రీల వాలుతో, 610 కిలోలు. అడాప్టర్ బరువు 35 కిలోలు ఇందులోంచే పోతుంది కాబట్టి ఉపగ్రహానికి మిగిలేది 575. మొదటి దశను తిరిగి దించకుండా వేసిన లెక్క ఇది. ఇప్పటివరకు ఎగిరిన అత్యధిక బరువు 420 కిలోలు."

రెండో దాంట్లో అంకె చిన్నది. అయినా చదివినవాళ్లకు నమ్మకం కలిగేది దాని మీదే.

అంకెలు రాసేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి.

కొలమానం: ప్రభుత్వ పత్రాల్లో పౌండ్లు, నాటికల్ మైళ్లు, కిలోలు కలగాపులగంగా ఉంటాయి. అడిగిన కొలమానంలోనే రాయండి. 400 పౌండ్లంటే 181 కిలోలు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. 500 నాటికల్ మైళ్ల ఎత్తును 500 కిలోమీటర్లనుకుని లెక్క కడితే జవాబు మొత్తం చెత్తబుట్టలోకే.

ఎగిరిందీ ఎగరనిదీ: ప్రతి అంకె పక్కనా ఎగిరి రుజువైంది, నేల మీద పరీక్షించాం, లెక్క మాత్రమే అనే మూడు మాటల్లో ఒకటి రాయండి. ఇంకా ఎగరలేదని ఒప్పుకుంటే తలుపు మూసుకుపోతుందని భయపడతారు. 2025 మార్చిలో రాకెట్ ల్యాబ్, స్టోక్ స్పేస్ కంపెనీలను ఎన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో కొత్తవాళ్లకూ చోటుండే లేన్-1లో చేర్చుకున్నప్పుడు వాళ్లు ప్రతిపాదించిన న్యూట్రాన్, నోవా రాకెట్లు ఒక్కసారీ ఎగరలేదు. మొదటి విజయం తర్వాతే ఆర్డర్లకు పోటీపడాలన్న షరతుతో తీసుకున్నారు.

వైఫల్యాలు: దాచకండి. ఏం జరిగింది, కారణమేంటి, ఏం మార్చారు, మార్పును ఎలా పరీక్షించారు, ఈ నాలుగూ చెప్పండి. యునైటెడ్ లాంచ్ అలయన్స్ వాళ్ల వల్కన్ రాకెట్ రెండో ప్రయోగంలో, 2024 అక్టోబరు 4న, పక్క బూస్టర్ నాజిల్ ఊడిపోయింది. రాకెట్ కక్ష్యకు చేరింది. అయినా కారణం తేల్చే పని తప్పలేదు, జాతీయ భద్రతా ప్రయోగాలకు ధ్రువీకరణ వచ్చేసరికి 2025 మార్చి 26 అయింది. గమ్యం చేరాం కదా అంటే ఈ కొనుగోలుదారు ఊరుకోడు. ప్రజలందరూ వీడియోలో చూసిన లోపం మీ జవాబులో లేకపోతే మిగతా జవాబు మీదా అనుమానం వస్తుంది.

7. షెడ్యూలు, తయారీ, ప్రయోగ వేదిక

"త్వరగా ప్రయోగించగలం" అనే మాట రాయకండి. గడియారం ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో రాయండి. 2023 సెప్టెంబరు 14న ఫైర్‌ఫ్లై ఆల్ఫా రాకెట్ విక్టస్ నాక్స్ ఉపగ్రహాన్ని ఆదేశం అందిన 27 గంటల్లో ప్రయోగించింది. ఆ 27 గంటలు ఆదేశం నుంచి ప్రయోగం వరకే. ఉపగ్రహం తయారీ, ఒప్పందం, సన్నాహాలు అంతకుముందే జరిగాయి. మామూలు ప్రయోగాలకు లెక్క నెలల్లో ఉంటుంది. చిన్న ప్రయోగాలకు వాడే ఓఎస్‌పీ-4 ఒప్పందంలో ఆర్డరు నుంచి ప్రయోగానికి 12 నుంచి 24 నెలలు. మీ సంఖ్య దీనికంటే చాలా తక్కువైతే ఎందుకు సాధ్యమో చెప్పాలి. ఇప్పటికే కట్టిన రాకెట్ గోడౌన్‌లో ఉందా? పూర్తయిన ఇంజిన్లున్నాయా?

తయారీ వేగం అడిగితే ఫ్యాక్టరీ గరిష్ఠ సామర్థ్యం, గత ఏడాది నిజంగా బయటికి వచ్చినవి, వాణిజ్య కస్టమర్లకు ఇప్పటికే మాటిచ్చినవి విడివిడిగా ఇవ్వండి. ఏటా 12 కట్టగలమని రాసి, అందులో 10 అమ్ముడుపోయాయని చెప్పకపోవడం చాలా జవాబుల్లో కనిపించే తప్పు.

ప్రయోగ వేదిక గురించి నిజాయితీగా ఉండండి. మీ పేరున వేదిక ఉందా, లీజు మాటలు నడుస్తున్నాయా, కట్టాలా? ధ్రువ కక్ష్యలకు వాండెన్‌బర్గ్, తూర్పు దిశగా వెళ్లేవాటికి కేప్ కెనావరెల్ అని మామూలుగా అనుకుంటాం. మీ దారి వేరైతే ఎందుకో చెప్పండి. అమెరికా బయటి వేదికైనా వెంటనే కొట్టిపారేయరు. 2020 జనవరిలో అమెరికా నిఘా ఉపగ్రహాల సంస్థ ఎన్‌ఆర్‌ఓ ఉపగ్రహం ఒకటి న్యూజిలాండ్‌లోని మహియా నుంచి ఎలక్ట్రాన్ రాకెట్ మీద వెళ్లింది. కానీ ఉపగ్రహాన్ని అక్కడికి చేర్చడం, కాపలా పెట్టడం ఎలాగన్న ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉండాలి.

విడిభాగాలు ఎక్కడివి అన్న ప్రశ్నను లాంఛనంగా చూడకండి. అట్లాస్-5 రష్యా ఆర్‌డీ-180 ఇంజిన్ మీద ఆధారపడటం 2014 తర్వాత ఎంత తలనొప్పి అయిందో, కాంగ్రెస్ చట్టం చేసి ఆ ఇంజిన్ల వాడకాన్ని ఎలా కట్టడి చేసిందో ఆ ఆఫీసులో అందరికీ తెలుసు. ఒకే సరఫరాదారు ఉన్న భాగాలేవి, అతను ఆగిపోతే ప్రత్యామ్నాయానికి ఎన్ని నెలలు పడుతుంది అన్నవి మీరే ముందు చెప్పండి.

8. ధర

ఆర్‌ఎఫ్‌ఐలో అడిగేది స్థూల అంచనా. రామ్ అంటారు. ఒకే అంకె ఇవ్వకుండా ఒక శ్రేణి ఇవ్వండి. ఏ ఏడాది డాలర్లు, ఎన్ని ప్రయోగాలు కొంటే ఆ ధర, అందులో ఏవి కలిసున్నాయి అన్నవి పక్కనే ఉండాలి. వాణిజ్య కస్టమర్‌కు ఇచ్చే సేవ ధర వేరుగా, ప్రభుత్వం అదనంగా కోరే పనుల ధర వేరుగా చూపండి. అదనపు తనిఖీలు, భద్రత, అదనపు పత్రాలు ఈ రెండో కోవలోకి వస్తాయి. ఏ షరతు వల్ల ఎంత భారం పడుతోందో అధికారులకు తెలిసేది ఇలాగే. స్థూల అంచనా మీమీద కట్టుబాటు కాదు. కానీ నేల విడిచి సాము చేసినట్టు మరీ తక్కువ వేస్తే బడ్జెట్ దాని మీద కట్టుకుంటారు, రేపు అసలు ధర వేయలేక మీరే ఇబ్బంది పడతారు.

9. షరతుల మీద అభిప్రాయం

"పరిశ్రమ సూచనలకు స్వాగతం" అని చివర్లో ఒక ప్రశ్న ఉంటుంది. ఎక్కువమంది రెండు వాక్యాలతో సరిపెడతారు. నా మటుకు నేను పేజీల్లో పావు వంతు దీనికే కేటాయిస్తాను. ప్రతి సూచనా నాలుగు ముక్కల్లో ఉండాలి: ఏ పేరా, ఇబ్బందేంటి, ఏ మాటలు మార్చాలి, మారిస్తే ప్రభుత్వానికి లాభమేంటి.

ఊహాత్మక ఉదాహరణ: "3.2 పేరాలో ఆర్డరు నాటికి రెండు విజయవంతమైన ప్రయోగాలు కావాలన్నారు. కొత్త వాహనాలన్నీ దీంతో ఈ విడత నుంచి తప్పుకోవాల్సి వస్తుంది. 'ఉపగ్రహం అప్పగించడానికి 6 నెలల ముందు నాటికి' అని మార్చాలని మా సూచన. ప్రభుత్వానికి రిస్కు పెరగదు, ఎందుకంటే ఉపగ్రహం మా చేతికి వచ్చేలోగా రుజువు కనిపిస్తుంది. పోటీదారులు పెరుగుతారు."

మీకు మాత్రమే మేలు చేసే మార్పు అడిగితే అధికారులు ఇట్టే పసిగడతారు. పోటీదారులను తిట్టకండి, పేర్లూ ఎత్తకండి.

10. ముద్రలు వేసి పంపండి

వ్యాపార రహస్యాలున్న పేజీల మీదే ప్రొప్రైటరీ అని ముద్ర వేయండి. కవర్ నుంచి చివరిదాకా అన్నిటి మీదా కొట్టేస్తే దేనికీ విలువుండదు. ప్రకటన అడిగితే ముద్రలేని రెండో ప్రతి కూడా ఇవ్వండి. జవాబులను ఏరోస్పేస్ కార్పొరేషన్ లాంటి సహాయక సంస్థల నిపుణులూ చూడవచ్చని ప్రకటనలో రాసి ఉంటుంది. అభ్యంతరముంటే మౌనంగా ఉండకుండా రాతపూర్వకంగా చెప్పండి. రహస్య వర్గీకరణ ఉన్న సమాచారం మాత్రం మామూలు మెయిల్‌లో ఒక్క వాక్యం కూడా వెళ్లకూడదు. జవాబుకు అది అవసరమైతే ప్రకటనలో ఉన్న అధికారిని దారి అడగండి.

నియమాల నంబర్లు చూపించేటప్పుడు జాగ్రత్త. 2025 ఏప్రిల్‌లో మొదలైన ప్రభుత్వ కొనుగోలు నియమావళి (ఎఫ్‌ఏఆర్) తిరగరాతతో చాలా భాగాలు మారాయి. పాత జవాబు నుంచి పేరా తెచ్చి అతికిస్తే రద్దయిన నిబంధన చూపించే ప్రమాదం ఉంది.

పంపే ముందు తనిఖీ

జవాబు రాయని, ఐటార్ ప్రకారం చూడటానికి అర్హత ఉన్న ఒకరికి ప్రకటన, జవాబు రెండూ ఇవ్వండి. వాళ్లు ఒక్కో ప్రశ్న చదివి జవాబును అర నిమిషంలో వేలుపెట్టి చూపించగలగాలి. వెతుక్కుంటుంటే ఆ చోట మళ్లీ రాయండి. తర్వాత:

- అంకెలన్నీ ఒక కాగితం మీదకు ఎక్కించి, ఒకే అంకె రెండు చోట్ల రెండు రకాలుగా ఉందేమో చూడండి. సామర్థ్యం, తయారీ సంఖ్యల్లో ఇది ఎక్కువ.
- మీ వెబ్‌సైట్‌లోని అంకెలతో సరిపోల్చండి. తేడా ఉంటే కారణం జవాబులోనే రాయండి.
- ప్రపంచస్థాయి, విప్లవాత్మక, అత్యుత్తమ లాంటి మాటలు వెతికి తీసేయండి. తీసేశాక వాక్యంలో ఏమీ మిగలకపోతే వాక్యమే తీసేయండి.
- ఫైల్ ప్రాపర్టీస్‌లో, దాచిన కామెంట్లలో పాత కస్టమర్ పేర్లు మిగిలాయేమో చూడండి.
- ఎగుమతి నియంత్రణ అధికారి సమ్మతి మెయిల్ రూపంలో దాచుకోండి.

కనీసం ఒక రోజు ముందు పంపి, అందినట్టు జవాబు కోరండి. మెయిల్ వెళ్లింది కదా అని వదిలేయకండి. ప్రభుత్వ సర్వర్లు పెద్ద అటాచ్‌మెంట్లను, జిప్ ఫైళ్లను చెప్పాపెట్టకుండా ఆపేస్తాయి.

పంపాక ఫలితం ఎలా తెలుస్తుంది?

మార్కులు వేసి చెప్పరు. నెలల తరబడి ఏ కబురూ రాకపోవచ్చు, అది మామూలే. ఈ కింది వాటిలో ఏదైనా కనిపిస్తే మీ జవాబు చదివారని అనుకోవచ్చు: అదనపు ప్రశ్నలతో మెయిల్ రావడం, విడిగా మాట్లాడటానికి పిలవడం, కంపెనీలతో అధికారులు జరిపే సమావేశానికి (ఇండస్ట్రీ డే) ఆహ్వానం, తర్వాతి ముసాయిదాలో మీరు అభ్యంతరం చెప్పిన పేరా మారడం, సోర్సెస్ సాట్ అయితే చిన్న సంస్థలకు కేటాయింపు ప్రకటన.

ముసాయిదా రాగానే మీ సూచనల పట్టిక పక్కన పెట్టుకుని వాక్యం వాక్యం పోల్చండి. మారనివాటిలో మీకు నిజంగా కీలకమైనవి ఏరి, ఈసారి మరింత గట్టి ఆధారాలతో మళ్లీ అడగండి. లేన్-1లో కొత్తవాళ్లకు ఏటా తలుపు తెరుస్తారు కాబట్టి ఈ ఏడాది తప్పినా వచ్చే ఏడాది ఉంది. ఈలోగా రాకెట్ ఎగిరినా, ఇంజిన్ పరీక్ష పూర్తయినా కంపెనీలు సంప్రదించడానికి స్పేస్ సిస్టమ్స్ కమాండ్ పెట్టిన ఫ్రంట్ డోర్ ద్వారా ఒక పేజీ సమాచారం పంపండి. అందులో పాత జవాబులో లెక్క మాత్రమే అని రాసిన అంకెల్లో ఏవి ఇప్పుడు ఎగిరి రుజువయ్యాయో చెప్పండి.